సీతాఫల్‌మండి మేడ మీద జపాను అలమర

సికింద్రాబాదు సీతాఫల్‌మండి స్టేషనులో ఎమ్‌ఎమ్‌టీఎస్ లోకల్ రైలు దిగి నడిస్తే ఎనిమిది నిమిషాలు. మోకాళ్లు మొరాయించే వయసు వారికి పన్నెండు. రెండు సందులు దాటాక వేపచెట్టు ఉన్న ఇంటి గేటుకు ఒక పాత రేకు వేలాడుతూ ఉంటుంది: ‘పుస్తకాలు అద్దెకు ఇవ్వబడును. మేడ మీదికి రండి.’ అంతే. పేరు లేదు, ఫోను నంబరు లేదు. ఆ రేకు ఇప్పటి యజమానురాలి తాతగారి కాలం నాటిదట. ఆయన రోజుల్లో అక్కడ డిటెక్టివ్ నవలలు, సీరియళ్లు, వారపత్రికలు అద్దెకు ఇచ్చేవారు. టీవీ వచ్చి ఊళ్లోని అద్దె లైబ్రరీలన్నీ మూతపడినప్పుడు ఇదీ మూతపడింది. నాలుగేళ్ల క్రితం మనవరాలు తాళం తీసింది. ఏదో ఒక పేరు పెట్టమ్మా అని నేను రెండుసార్లు సలహా ఇచ్చాను. “పేరు పెడితే బోర్డు పెట్టాలి, బోర్డు పెడితే పన్ను కట్టాలి అంకుల్” అంది. ముప్పై ఆరేళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేసినవాడిని, ఆ తర్కానికి ఎదురు చెప్పలేకపోయాను.

అక్కడ అన్ని రకాల పుస్తకాలూ ఉన్నాయి. పోటీ పరీక్షల గైడ్లు కూడా ఉన్నాయి. ఆ మాటకొస్తే కరెంటు బిల్లు కట్టేది వాటి పుణ్యమే. నేను రాయబోయేది మాత్రం కిటికీ పక్కనున్న జపాను అలమర గురించి, శనివారం సాయంత్రాలు ఆ గదిలోనే వేసే సినిమాల గురించి. ఆ అమ్మాయి తార్నాకలోని ఇఫ్లూలో, అదే ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీలో, జపనీస్ చదివి, కొన్నేళ్లు ఒక కంపెనీలో యంత్రాల మాన్యువళ్లు అనువాదం చేసింది. నట్లూ బోల్టులూ అనువదించి విసుగెత్తి, తాతగారి మేడ గుర్తుకు తెచ్చుకుంది.

ధరావతు వెయ్యి రూపాయలు, నెలకు రెండు వందల యాభై. ఒకసారికి మూడు పుస్తకాలు, పదిహేను రోజుల గడువు, దాటితే పుస్తకానికి రోజుకు రెండు రూపాయలు. సినిమాకు సభ్యుల దగ్గర విడిగా ఏమీ తీసుకోరు. మధ్యలో చాయ్, ఉస్మానియా బిస్కట్లు వస్తాయి. వాటికి డబ్బాలో మనకు తోచింది వేయాలి. మొదట్లో జపాను పద్ధతి అని పచ్చ టీ ఇచ్చేది. రెండు వారాలు మర్యాదకు తాగాం. మూడో వారం మా ఆవిడ “అమ్మాయీ, ఎవరికైనా జలుబు చేసిందా?” అని అడిగింది. నాలుగో వారం నుంచి ఇరానీ చాయ్.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ అలమర నాకెందుకు పట్టుకుందో మీకు అర్థం కాదు. నేను సికింద్రాబాదు రైల్ నిలయంలో టైమ్ టేబుల్ పని చేసి రిటైరయ్యాను. మా పనికి ఆధారం ఒక పెద్ద గ్రాఫు కాగితం. నిలువుగా స్టేషన్లు, అడ్డంగా గంటలూ నిమిషాలూ. ప్రతి బండీ ఒక వాలు గీత. ఎక్స్‌ప్రెస్ గీత నిక్కబొడుచుకుని ఉంటుంది, గూడ్సు గీత ఒరిగి పడుకున్నట్టు ఉంటుంది. బండి ఆగిందంటే గీత అడ్డంగా సాగుతుంది: స్టేషను మారదు, కాలం మాత్రం నడుస్తూ ఉంటుంది. కొత్తవారు ఆ కాగితం చూసి వాలు గీతలను మెచ్చుకుంటారు. మా కళ్లు మాత్రం అడ్డగీతల మీదే ఉండేవి. ఏ బండి ఎక్కడ ఎంతసేపు ఆగాలి, ఎవరికి దారి ఇవ్వాలి, పోయిన నిమిషాలను ఎక్కడ రాబట్టుకోవాలి, లెక్కంతా అక్కడే తేలేది. రెండు నిమిషాల హాల్టు మూడు చేయమని ఒక ఊరివాళ్లు పదేళ్లు అర్జీలు పెట్టడం నాకు తెలుసు.

జపాను కథల్లో నాకు కనిపించినవి ఆ అడ్డగీతలు. చెప్పాలనుకున్నది ఇదొక్కటే, మిగతా రాతంతా దీని చుట్టూ తిరిగేదే.

నా ఉద్యోగం సంగతి విన్న మొదటి రోజునే ఆ అమ్మాయి అలమరలోంచి సెయిచో మత్సుమోతో డిటెక్టివ్ నవల తీసి చేతిలో పెట్టింది. జపనీస్ పేరు ‘తెన్ తో సెన్’, అంటే చుక్కలూ గీతలూ అని. 1957లో ఒక యాత్రల పత్రికలో సీరియల్‌గా మొదలై, 1958లో పుస్తకమయింది. క్యూషూ దీవిలో సముద్రం ఒడ్డున ఒక మగమనిషి, ఒక ఆడమనిషి చనిపోయి కనిపిస్తారు. ప్రేమికుల ఆత్మహత్య అని పోలీసులు కేసు మూసేయబోతారు. వాళ్లిద్దరూ టోక్యో స్టేషనులో కలిసి రైలెక్కుతుండగా చూసిన సాక్షులున్నారు. అయితే ఆ సాక్షులు నిలబడింది 13వ నంబరు ప్లాట్‌ఫారం మీద, రైలున్నది 15వ దాని మీద. మధ్య పట్టాల మీద ఎప్పుడూ ఏదో ఒక బండి వస్తూ పోతూ ఉంటుంది కనుక ఇటునుంచి అది కనిపించదు. ఆ రైలు నిలిచి ఉన్నంతసేపట్లో అడ్డు లేకుండా కనిపించేది సాయంత్రం 5.57 నుంచి 6.01 వరకు, నాలుగే నిమిషాలు. సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లోనే సాక్షులు అక్కడికి ఎలా వచ్చారు?

ఇలాంటి నవల ప్రపంచంలో ఉందని నాకు అరవై ఒకటో ఏట తెలిసింది. పాత గ్రాఫు కాగితం బయటికి తీసి బండ్లన్నీ గీసుకుంటూ చదివాను. మా ఆవిడ చూసి, “పింఛను తీసుకుంటూ కూడా డ్యూటీ చేస్తున్నారు” అంది. అందులో ఊళ్లో ఉండే ముసలి డిటెక్టివు అనుమానం ఎక్కడ పుడుతుందో తెలుసా? చచ్చిపోయినవాడి జేబులో రైలు భోజనం బండి బిల్లు దొరుకుతుంది, అది ఒక్కరి భోజనానిదే. చనిపోవడానికి కలిసి బయలుదేరిన ఇద్దరిలో ఒకరు తింటుంటే రెండోవారు పక్కన కూర్చోకుండా ఉంటారా, కనీసం ఒక కప్పు కాఫీ అయినా తీసుకోరా? అనుమానమంతా అక్కడినుంచే మొదలవుతుంది.

ఇక్కడే నా మొదటి ఫిర్యాదు. నేను తెచ్చుకున్న ప్రతిలో, పాత్రలు మొదటిసారి కనిపించే పేజీలోనే ఎవరో పుణ్యాత్ముడు హంతకుడి పేరు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి పెట్టాడు. తిరిగి ఇచ్చేటప్పుడు కోపంగానే చూపించాను. ఆ అమ్మాయి రబ్బరు తీసి తుడిచింది. గుర్తు పోయింది కానీ కాగితం మీద నొక్కు అలాగే ఉంది. పుస్తకాలు వెనక్కి తీసుకునేటప్పుడు ఒక్కసారి పేజీలు తిప్పి చూసే అలవాటు ఆమెకు లేదు, ఇప్పటికీ లేదు. నిజానికి ఆ సున్నా వల్ల నాకు పెద్ద నష్టం జరగలేదు. ఎవరు చేశారన్నది ఆ నవల సగం దారిలోనే చెప్పేస్తుంది, టైమ్ టేబుల్ ప్రకారం అతను అక్కడ ఉండటం ఎలా సాధ్యమన్నదే పట్టుకుని కూర్చోబెడుతుంది. అయినా చేసినవాడిని క్షమించను.

రెండో పుస్తకం కూడా రైలుతోనే మొదలైంది. యసునారి కవబాతా మంచు దేశపు నవల. ఆయనకు 1968లో నోబెల్ వచ్చింది. బండి పెద్ద సొరంగం దాటి మంచులోకి వస్తుంది. వచ్చీ రాగానే ఒక సిగ్నలు దగ్గర ఆగుతుంది. అవతలి సీటులోని ఒక అమ్మాయి లేచి వచ్చి కిటికీ అద్దం దించి, చలిలోకి వంగి, స్టేషను మాస్టరును కేకేసి పిలుస్తుంది. అక్కడ ఉద్యోగంలో చేరిన తన తమ్ముడిని కాస్త కనిపెట్టుకుని ఉండమని చెప్పడానికి. కథలో ముందుకు కదిలింది ఏమీ లేదు. కానీ ఆ కేకతో ఆ అమ్మాయి ఎటువంటిదో, ఆ చలి ఎంతటిదో, అలాంటి చిన్న స్టేషనులో కుర్రాడు ఎంత ఒంటరివాడో మొత్తం తెలిసిపోతుంది. డోర్నకల్ అవతల చిన్న స్టేషన్లలో నేనూ ఇలాంటి కేకలు విన్నాను. “మాస్టరుగారూ, మావాడు అన్నం సరిగా తింటున్నాడా?” అని బండి కదిలేలోగా అడిగే తల్లులు. మన వైపు వాటిని ఎవరూ నవల మొదటి పేజీలో పెట్టలేదు, అంతే తేడా.

అలమర అమరిక గురించి చెప్పాలి, ఎందుకంటే దాని మీద నాకూ ఆమెకూ రెండు నెలలు వాదం నడిచింది. ఆమె రచయితల పేర్ల ప్రకారం సర్దదు. ఋతువుల ప్రకారం సర్దింది. హైకూలో ఏ ఋతువో తెలిపే మాట ఒకటి ఉండాలన్నది జపాను వారి సంప్రదాయం కదా, ఆ లెక్కన. మంచు నవల శీతాకాలపు అరలో. దయ్యాల కథలు వేసవి అరలో. జపానులో దయ్యాల కథలు వేసవిలో చెప్పుకుంటారట, వింటే వెన్ను జలదరించి చల్లబడుతుందని. అది విన్నాక నా ప్రతిఘటన కొంత తగ్గింది. మా చిన్నప్పుడు మే నెలలో కరెంటు పోతే డాబా మీద చాపలు పరుచుకుని మేము చెప్పుకున్నవీ అవే కథలు. కాకపోతే చల్లబడటానికని ఎవరూ అనుకోలేదు, భయపడి దుప్పట్లు కప్పుకుని ఇంకా చెమటలు పట్టించుకునేవాళ్లం.

అసలు గొడవ కప్ప దగ్గర వచ్చింది. జపాను కవి బషో పాతకొలనులోకి కప్ప దూకిన హైకూ 1686 నాటిది, అందరికీ తెలిసినదే. ఆ సంపుటం వసంతపు అరలో ఉంది. మన తెలుగు కవి ఇస్మాయిల్ గారి హైకూల పుస్తకం ‘కప్పల నిశ్శబ్దం’ మాత్రం వానాకాలపు అరలో ఉంది. ఇదేం పద్ధతమ్మా, రెండూ కప్పలే కదా అన్నాను. జపాను కవిత్వంలో కప్ప వసంతపు మాట అంకుల్, మన కప్ప తొలకరికి గానీ నోరు విప్పదు కదా అంది. కప్పకు పాస్‌పోర్టు చూసి సీటు కేటాయించే ఈ పద్ధతి నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది. కావలసిన పుస్తకం వెతకాలంటే అందులో ఎండ ఉందో వాన ఉందో ముందే తెలిసి ఉండాలి. కొత్తగా వెళ్లేవారు నేరుగా అడిగేయండి, లేకపోతే అరగంట పోతుంది. పోయినా ఫర్వాలేదు అనుకుంటే వెతకండి. నేను వెతికేది కవబాతా అయితే చేతికి వచ్చింది వేరొకరు, అలా దొరికినవే నాలుగైదు మంచివి.

మా ఆవిడకు ఇంగ్లీషు అంత చదవబుద్ధి కాదు. తెలుగులో జపాను పుస్తకాలు ఆ అలమరలో ఒక అర కూడా నిండవు. అది ఆ అమ్మాయి లోపం కాదు, వచ్చినవే తక్కువ. ఉన్నవాటిలో మొదటిది హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ‘రైలుబడి’. తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసినది, జపానులో 1981లో వచ్చింది. పాత రైలు పెట్టెలే తరగతి గదులు. నేను పెట్టెల కోసం తెచ్చాను, ఆవిడ హెడ్మాస్టరు కోసం చదివింది. బడి మాన్పించేసిన చిన్నపిల్లను ఆయన ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగు గంటలు ఆమె చెప్పిందంతా వింటాడు, ఆవలించకుండా, గడియారం చూడకుండా. “మీరు ఈ నలభై ఏళ్లలో కలిపి విన్నా అంత ఉండదు” అంది మా ఆవిడ. మధ్యాహ్నం డబ్బాలో సముద్రానిది కొంచెం, కొండలది కొంచెం తెమ్మని ఆ హెడ్మాస్టరు చెబుతాడు. ఆ వారమంతా మా ఇంట్లో నా కంచంలోకి ఏది వడ్డించినా ఇది సముద్రమా కొండా అన్న ప్రశ్న నడిచింది. గోంగూర కొండ, ఎండురొయ్య సముద్రం. ఆ బడి 1945లో బాంబుదాడిలో కాలిపోయింది. తగలబడుతుంటే చూస్తూ ఆ హెడ్మాస్టరు, ఈసారి ఎలాంటి బడి కడదాం అని కొడుకును అడుగుతాడు. ఆ పేజీ దగ్గర ఆవిడ పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లింది. నేను ఏమీ అడగలేదు.

ఇక శనివారం సినిమా. సాయంత్రం ఆరుకు అని రాస్తారు, ఆరూ ఇరవైకి మొదలవుతుంది. టైమ్ టేబుల్ మనిషిగా ఇది నాకు గుచ్చుకునే విషయం, జపాను సినిమా ఇరవై నిమిషాలు ఆలస్యంగా వేయడం మరీను. ఇరవై కుర్చీలు, ముందు నాలుగు చాపలు. మొదట అన్నీ చాపలే. ఓజు అనే దర్శకుడి సినిమా కింద కూర్చుని చూడాలి అంకుల్, ఆయన కెమెరాను చాప మీద కూర్చున్న మనిషి కన్నా కిందికే దించి పెడతాడు అని ఆమె వాదన. కెమెరాకు మోకాళ్లు ఉండవమ్మా అన్నాను. తరవాతి వారం కుర్చీలు వచ్చాయి.

గోడకు తెల్ల గుడ్డ, పాత ప్రొజెక్టరు, రెండు స్పీకర్లు. పక్క వాటా వాళ్లు సరిగ్గా ఏడింటికి పప్పు పెడతారు. కురోసావా ‘రషోమోన్’లో కూలిన ద్వారం కింద ముగ్గురు మనుషులు కుండపోత వానకు తలదాచుకుని, అడవిలో జరిగిన హత్య మీద తలా ఒక రకంగా వచ్చిన సాక్ష్యాలు చెప్పుకుంటూ ఉంటే, ప్రతి సాక్ష్యానికీ ఒక కుక్కరు కూత వచ్చింది. ఆ వాన కెమెరాకు ఆనడానికి నీళ్లలో నల్ల సిరా కలిపారని ఆమె చెప్పింది. 1950లో తీసిన సినిమా, మరుసటి ఏడు వెనిస్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి తెచ్చుకుంది. దానికి ఆధారం అకుతగావా రాసిన రెండు చిన్నకథలు. హత్య సంగతి ఒకదాంట్లోది, ద్వారమూ ఆ చోటూ రెండోదాంట్లోవి. ఒక కథకు వేరొక కథలోని చోటు తెచ్చి తొడిగారన్నమాట. చోటు మారితే కథ మారుతుందని చూపడానికి ఇంతకన్నా ఏం కావాలి?

తెర మీద అక్షరాలు ఇంగ్లీషులో వస్తాయి, అది నా రెండో ఫిర్యాదు. మా ఆవిడలాంటివాళ్లు ఆరేడుగురు ఉన్నారు. మొదటి నెల నేనే చెవిలో గొణిగేవాడిని, ముందు వరుసలోని కుర్రాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు. అప్పుడు ఆ అమ్మాయి ఒక పని చేసింది. స్పీకరు తగ్గించి, తెర పక్కన స్టూలు వేసుకుని, మాటలు తానే తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. తండ్రికి ఒక గొంతు, కూతురికి ఒక గొంతు. అది తన సొంత తెలివి కాదట. మూకీల కాలంలో జపానులో బెన్షి అనే కథకులు తెర పక్కన నిలబడి ఇలాగే చెప్పేవారట. జనం సినిమా పేరు కన్నా బెన్షి పేరు చూసి వెళ్లేవారు. మాటల సినిమాలు వచ్చాక వాళ్ల బతుకు పోయింది. కురోసావా అన్నగారు అలాంటి బెన్షియే, 1933లో ఆత్మహత్య చేసుకున్నాడు. హరికథ విని పెరిగిన మాకు ఈ పద్ధతిలో వింత ఏమీ లేదు. కుర్రాళ్లు మాత్రం సినిమా పాడవుతోందని అలిగారు. చివరికి రాజీ కుదిరింది: ఒక వారం తెలుగు, ఒక వారం మూల ధ్వని. మీకు ఏది కావాలో మెట్ల దగ్గరి పలక చూసి వెళ్లండి.

ఆమె చెప్పే తీరులో నాకు నచ్చినది, పాత్రలు మాట్లాడనప్పుడు తానూ మాట్లాడదు. నింపాలని చూడదు. జపాను వారు ఆ ఖాళీని ‘మా’ అంటారట. ద్వారం మధ్యలోంచి సూర్యుడు కనబడుతున్నట్టుగా ఉంటుంది ఆ అక్షరం. యానిమేషన్ సినిమాల దర్శకుడు మియజాకి ఒక అమెరికా విమర్శకుడికి దీన్ని చప్పట్లు కొట్టి వివరించారని చెప్పింది: రెండు చప్పట్ల మధ్యనున్నదే ‘మా’. నేను గ్రాఫు కాగితం మీద అడ్డగీత గీసి చూపించాను. “కరెక్ట్ అంకుల్” అంది. ఉద్యోగంలో ఎవరూ నన్ను ఇంత తొందరగా ఒప్పుకోలేదు.

ఓజు ‘టోక్యో స్టోరీ’ వేసింది తెలుగు వారంలో. 1953 నాటిది. ఒనోమిచి అనే చిన్న ఊరి నుంచి ముసలి దంపతులు టోక్యోలోని పిల్లల దగ్గరికి వస్తారు. పిల్లలు చెడ్డవాళ్లు కారు, తీరిక లేనివాళ్లు. కొడుకు డాక్టరు, కూతురికి బ్యూటీ పార్లరు. ఏం చేయాలో తోచక, ఇద్దరూ డబ్బులు వేసుకుని అమ్మానాన్నలను అతామి అనే వేడినీటి బుగ్గల ఊరికి పంపిస్తారు. అక్కడ రాత్రంతా కుర్రకారు గోల, వీళ్లకు నిద్ర ఉండదు. పొద్దున్నే సముద్రపు గోడ మీద కూర్చుని, ఇక ఇంటికి వెళ్దామా అనుకుంటారు.

చీకట్లో మా ఆవిడ మోచేత్తో పొడిచింది. కిందటి దసరాకు మేము గచ్చిబౌలిలో మావాడి ఇంటికి వెళితే, మూడో రోజున వాడు మమ్మల్ని అనంతగిరి కొండల దగ్గర ఒక రిసార్టులో దింపి వచ్చాడు. “మీకు మార్పుగా ఉంటుంది నాన్నా” అని. అక్కడ ఏదో కంపెనీ వాళ్ల పాటలు, గంతులు, రాత్రి రెండింటి దాకా. పొద్దున్నే ఈత కొలను గట్టు మీద కూర్చుని మేము అనుకున్నదీ అదే మాట. ఆ గట్టును ఓజు మా కన్నా అరవై, డెబ్బై ఏళ్లు ముందే చూశాడు. “మనవాడు నయం, కారులోనన్నా దింపాడు” అంది మా ఆవిడ, గొంతు తగ్గించకుండానే. బెన్షి కూడా నవ్వింది.

కానీ నన్ను ఆపేసింది అది కాదు. ఆ దంపతులకు ఒసాకాలో ఇంకో కొడుకు ఉన్నాడు, రైల్వేలో పని. తల్లికి సీరియస్ అని తంతి వెళ్లేసరికి డ్యూటీ మీద వేరే ఊళ్లో ఉంటాడు. వచ్చేసరికి ఆమె పోయింది. అంత్యక్రియల్లో మంత్రాలతో పాటు చెక్క వాయిద్యం టక్ టక్ మని మోగుతుంటే అతను లేచి బయటికి వచ్చేస్తాడు. ఆ చప్పుడు వింటుంటే అమ్మ కొంచెం కొంచెంగా చిన్నదైపోతున్నట్టు ఉందంటాడు. మా అమ్మ పోయినప్పుడు నేను బల్లార్షా లైను మీద, బండ్లు సమయానికి నడుస్తున్నాయో లేదో రాసుకుంటున్నాను. కాజీపేటలో బండి మారి ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు అంతా కడిగి ముగ్గు కూడా వేసేశారు. ఆ రోజు ఆ బండి పద్నాలుగు నిమిషాలు ఆలస్యం. పద్నాలుగు నిమిషాల వల్ల పోయింది ఏమీ లేదు, నాలుగు గంటలు ముందు వచ్చినా అంతే. అయినా నాకు ఆ అంకె గుర్తుంది.

ఆ సీను తరవాత ఓజు ఏం చేస్తాడంటే, ఏమీ చేయడు. ఊరు చూపిస్తాడు. పట్టాలు, నీళ్ల మీద పడవలు, ఎండ. ముసలాయన విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంటాడు. ఆ వేషం వేసిన చిషూ ర్యూకు అప్పటికి నలభై తొమ్మిదేళ్లే అని తరవాత తెలిసింది. మన సినిమాల్లో నలభై తొమ్మిదేళ్ల వాళ్లు కాలేజీకి వెళుతుంటారు, సరే, అది వేరే వ్యాసం. ఓజు 1963లో, తన అరవయ్యవ పుట్టినరోజునే చనిపోయాడు. సమాధి రాయి మీద పేరు లేదు, ‘శూన్యం’ అనే అర్థం వచ్చే ఒకే ఒక్క అక్షరం ఉంది.

మా మనవరాలిని మియజాకి సినిమాకు తీసుకెళ్లాను, మొదటి ఆదివారం పిల్లలకు వేస్తారు. దెయ్యాల స్నానశాలలో చిక్కుకున్న అమ్మాయి కథ, 2001 నాటిది. అందులో నీళ్ల మీద నడిచే రైలు ఉంది. ఇదివరకు రెండు వైపులా నడిచేదట, ఇప్పుడు వెళ్లడమే గానీ తిరిగి రావడం లేదట. డౌను ఉండి అప్ లేని లైను! వెళ్లిన పెట్టెలన్నీ ఏమవుతున్నాయి తాతయ్యా అని అడిగింది మనవరాలు. రక్తంలో రైల్వే ఉంది. ఆ రైల్లో ఆ పిల్ల చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుంటుంది, బయట నీళ్లు, సాయంత్రం, నీడల్లాంటి ప్రయాణికులు. గదిలోని పదిహేనుమంది పిల్లల్లో ఒక్కరూ కదల్లేదు. పిల్లలకు ఓపిక లేదని చెప్పేవారిని ఆ గదిలో కూర్చోబెట్టాలి.

మూడో ఫిర్యాదు పిల్లుల గురించి. ఈమధ్య జపాను పేరుతో వచ్చే పుస్తకాల అట్టలన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉంటున్నాయి: ఒక పిల్లి, ఒక కాఫీ కప్పు, పసుపు రంగు దీపం వెలిగిన కిటికీ. ఈ అలమరలో కంటికి ఎదురుగా ఉండే అర నిండా అవే. కాఫీ చల్లారేలోగా గతంలోకి వెళ్లి రావచ్చనే నవల, తోషికాజు కవగూచిది, తీసుకెళ్లి చదివాను. మొదట నాటకమట, 2015లో నవలగా వచ్చింది. నియమాలు నాకు నచ్చాయి. ఒకే ఒక కుర్చీలో కూర్చోవాలి, లేవకూడదు, వెళ్లి వచ్చినా వర్తమానం మారదు, కాఫీ చల్లారేలోగా తిరిగి రావాలి. ఆ కుర్చీలో ఎప్పుడూ ఒక దయ్యం ఉంటుంది, అది బాత్‌రూముకు లేచేదాకా కాచుకోవాలి. రిజర్వేషను కౌంటరు తెలిసినవాడికి ఇది నమ్మదగిన ఏర్పాటు. కానీ లోపల ప్రతి అధ్యాయంలోనూ ఎవరో ఒకరు ఏడ్చి, ఎందుకు ఏడ్చారో మనకు వివరించి మరీ వెళతారు. ఓజు ఖాళీ వదిలిన చోట ఈ రకం పుస్తకాలు చేతిరుమాలు పెడతాయి. తియ్యటి దగ్గుమందు, దగ్గు ఉన్నవాళ్లు తాగవచ్చు. ఆ మాటే ఆమెతో అన్నాను. “కొత్తగా చేరేవాళ్లలో చాలామంది పిల్లి వెనకాలే మెట్లెక్కుతారు అంకుల్. ఎక్కాక పక్క అరలో మత్సుమోతో ఉంటాడు” అంది. పక్కనే పెట్టింది నిజమే. అది తెలివైన సర్దుబాటని ఒప్పుకోక తప్పదు.

ఒప్పుకోనిది ఇంకొకటి ఉంది. టోక్యోలో జింబోచో అని పాత పుస్తకాల పేట ఉంది. అక్కడి దుకాణాలు చాలావరకు వీధికి దక్షిణం పక్కన, ఉత్తరం ముఖంగా ఉంటాయి, పుస్తకాలకు ఎండ తగలకుండా. ఈ సంగతి నాకు చెప్పింది ఆ అమ్మాయే. మరి తన జపాను అలమరను పడమటి కిటికీ పక్కన పెట్టింది! మధ్యాహ్నం మూడు నుంచి ఎండ నేరుగా పడి, ఎర్ర వీపుల పుస్తకాలు గులాబీ రంగుకు తిరిగాయి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు ఎండుతాయంటే వాళ్లకు వేరే గతి లేదు, ఈమెకు నాలుగు గోడలున్నాయి. మూడుసార్లు చెప్పాక కిటికీకి వాళ్ల అమ్మమ్మ నేత చీర ఒకటి తెరలా కట్టింది. అలమర మాత్రం జరపలేదు. ఆ వెలుతురులో బాగుంటుందట.

మరుగుదొడ్డి కింద వాటాలో ఉంది, రాత్రి మెట్ల లైటు వెలగదు, టార్చి తీసుకెళ్లండి. సోమవారం సెలవు. మిగతా రోజుల్లో పొద్దున పది నుంచి ఒంటిగంట, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. శనివారం సినిమాకు వెళ్లేవారు అయిదున్నరకల్లా ఉంటే కుర్చీ దొరుకుతుంది. వెనక వరుసలో ఫ్యాను కింద రెండు కుర్చీల మీద ఒక నీలం గళ్ల తువ్వాలు పరిచి ఉంటుంది. అవి మావి.